చూపిన చోట లేదు

సంఘమువారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాసి పంపుమని కోరినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి.తో ముగిసినది, నాటి పెద్దలు దానినే మెట్రిక్ అనెడివారు. అటుపిమ్మట ముప్పదియెనిమిదేండ్లు ఒక కార్యాలయమున గుమాస్తాగా పనిచేసి, విశ్రాంతి పొంది, ఇప్పుడు అరువదియేడవ యేట ఉన్నాము. పద్యములను గూర్చి, పండుగలను గూర్చి, మన పూర్వులు కన్నడదేశమునకు వచ్చిన చరిత్రను గూర్చి వ్రాయుటకు మనలో పండితులు కలరు. మాకు తెలిసినవి ఫైళ్లు, రిజిస్టర్లు, టైపు మిషను మాత్రమే. అయినను కంప్యూటరు ఉద్యోగి లేని యిల్లు నేడు మన సంఘమున అరుదు గదా. కావున ఒక ఆదివారము రాత్రి మా యింట ఒక కంప్యూటరులోని పనిముట్లు ఎట్లు మొరాయించెనో, ఎట్లు మరల దారికి వచ్చెనో, ఆ రాత్రి మాకు ఏ పాత తప్పు జ్ఞప్తికి వచ్చెనో విన్నవించుకొందుము.

మా తాతగారు మదనపల్లె ప్రాంతమునుండి బెంగుళూరు చేరినవారు. మేము పుట్టినదియు పెరిగినదియు ఇచ్చటనే. మేము ఉద్యోగమున చేరిన 1980 ప్రాంతమున హోసూరు రోడ్డున పోవుచుండగా ఇరుప్రక్కల రాగిచేలును నీలగిరి తోపులును కనబడెడివి. కోనప్పన అగ్రహారము, దొడ్డతోగూరు గ్రామముల నడుమ 332 ఎకరములలో కియోనిక్స్ అను రాష్ట్రప్రభుత్వ సంస్థవారు 1978లో ఎలక్ట్రానిక్ సిటీకి శ్రీకారము చుట్టిరి. ఆ సంస్థకు సారథ్యము వహించిన ఆర్.కె. బాళిగా గారు బెంగుళూరును అమెరికాలోని సిలికాన్ వ్యాలీకి దీటుగా చేయుదుమనగా నవ్వినవారును కలరు. 1994లో ఇన్ఫోసిస్ తన ప్రధాన కార్యాలయమును ఇచ్చటికి తెచ్చినది. 2010లో సిల్క్ బోర్డు కూడలినుండి సుమారు పది కిలోమీటర్ల పొడవున పైవంతెన మార్గము వచ్చినది. 2025 ఆగస్టులో పసుపు మార్గపు మెట్రో బండియు వచ్చినది. రాగిచేనులు చూచిన కన్నులతోనే మేము నేడు మా కుమారుని అపార్టుమెంటు అయిదవ అంతస్తు వసారానుండి ఆ మెట్రో స్తంభములను చూచుచున్నాము.

మా కుమారుడు ఉద్యోగరీత్యా అప్పటికి ఆరు నెలలుగా విదేశమున ఉండెను. ఇంట మేము, మా యిల్లాలు, కోడలు, మూడేండ్ల మనుమడు. కోడలిది హిందూపురము. ఇంజనీరింగు చదివి మంచి ఉద్యోగము చేయుచు, బిడ్డ పుట్టిన పిమ్మట రెండేండ్లకు పైగా ఇంటిపట్టుననే ఉండిపోయినది. మరల ఉద్యోగము వెదకుకొనుట ఆమెకు సులభము కాలేదు. "మధ్యలో ఈ రెండేండ్లు ఏమి చేసితిరి?" అని అడుగని వారు లేరట. కట్టకడపట ఒక చిన్న కంపెనీవారు మూడు నెలల ప్రొబేషనుపై తీసికొనిరి. ఆ మూడు నెలలలో ఆరువారములు గడచినవి. సోమవారము ఉదయము పది గంటలకు తాను వ్రాసిన ప్రోగ్రామును పైవారి యెదుట నడిపి చూపవలెను.

ఆ ముందటి ఆదివారము సాయంకాలమున ఆమె తన మ్యాక్ ల్యాప్‌టాప్‌నకు ఆపరేటింగు సిస్టము కొత్త కూర్పును వేసినది. ఆ సాయంకాలమే వేయుమని ఆమెను ఎవరును బలవంతపెట్టలేదు. పని ముగిసినది గదా, ఇదియు ముగించినచో సోమవారమున నిశ్చింతగా నుండవచ్చునని తలచినది. ఈ సంగతి ముందుగా చెప్పుట న్యాయము; ఏలయనగా పిమ్మట జరిగినదానిలో పొరపాటు మా యింటివారిదే గాని మరియొకరిది కాదు.

రాత్రి తొమ్మిదిన్నరకు మనుమనికి అన్నము పెట్టి వచ్చి ఆమె యంత్రము తెరచినది. మేము హాలులో పత్రిక చూచుచుంటిమి. కొంతసేపటికి లోపలినుండి "అయ్యో" అను మాట వినవచ్చినది. పోయి చూడగా తెరపై నల్లని కిటికీ, దానిలో రెండు పంక్తుల తెల్లని అక్షరములు.

"మామయ్యా, గిట్ పనిచేయడం లేదు. నా పనంతా పోయినట్టుంది," అనెను.

గిట్ అనగా ఏమని మేము అడుగగా, ప్రోగ్రాము వ్రాయువారు తాము చేసిన ప్రతి మార్పును తేదీవారీగా పద్దు వేసికొను పనిముట్టనియు, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఆయన లినక్స్ పని కొఱకు దానిని చేసెననియు, ఇప్పుడు లోకమంతయు దానినే వాడుచున్నదనియు చెప్పినది. మా భాషలో చెప్పవలెనన్న అది డైరీ రిజిస్టరు. ఏ కాగితము ఏనాడు వచ్చెనో, ఎవరు దిద్దిరో అందులో దొరకును. ఆ రిజిస్టరు తెరువబడుట లేదన్న మాట.

ఇచ్చట ఆ నల్లని కిటికీని గూర్చి ఒక మాట చెప్పవలెను. దానిని టెర్మినల్ అందురు. బొమ్మలు నొక్కుటకు మారుగా ఆజ్ఞలను టైపు చేయు పద్ధతి అది. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను వ్యవస్థను ఆరంభించినప్పుడు తెరలు అరుదు. ఎక్కువగా టెలిటైపు యంత్రములే ఉండెడివి. నాడు బాగుగ వ్యాపించిన ఒక టెలిటైపు సెకనుకు పది అక్షరములు మాత్రమే కొట్టగలిగెడిది. అందువలననే ఆజ్ఞల పేర్లు రెండేసి అక్షరములకు కుదింపబడినవి: కాపీకి సీపీ, కదలించుటకు ఎమ్‌వీ. నేటికిని ఆ వ్యవస్థలో టెర్మినల్‌కు టీటీవై అను పాత టెలిటైపు పేరే నిలిచియున్నది. కోడలి యంత్రముమీద వరుస ముగించు మీటపై రిటర్న్ అని యున్నది. అది మా టైపు మిషను క్యారేజీ రిటర్ను. ఇది విన్న పిమ్మట ఆ నల్లని కిటికీ మాకు పరాయిదిగా తోచలేదు.

మేము కుర్చీ లాగుకొని కూర్చుండి ఆ రెండు పంక్తులను గట్టిగా చదివితిమి. 'ఇన్‌వాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్' అని మొదటి మాట. పిమ్మట గీతలతో వేరుపరచిన చిరునామా. పిమ్మట 'మిస్సింగ్ ఎక్స్‌సీరన్ ఎట్' అని మరల ఒక చిరునామా. ఆ 'ఎట్' అను చిన్న మాటకడ మా చూపు ఆగిపోయినది. యంత్రము లేదు అనలేదు. ఫలాని చోట లేదు అనినది. ఈ రెంటికి గల భేదము మాకు తెలిసినట్లు తెలియనివారు అరుదు. ఆ భేదము తెలియుటకు మేము చెల్లించిన మూల్యము మాది కాదు, ఇంకొకరిది. అది చెప్పనిదే ఈ వ్యాసము పూర్తి కాదు.

1996లో మా కార్యాలయము పాత కట్టడమునుండి కొత్త కట్టడమునకు మారినది. రికార్డు గది మా వశమునకు వచ్చినది. బీరువాల సంఖ్యలు, అరల సంఖ్యలు, కట్టల సంఖ్యలు వ్రాసిన చార్జి లిస్టు మా చేతికి ఇచ్చిరి. ఒక్కొక్క కట్టను లిస్టుతో సరిచూచి సంతకము చేయుట నియమము. నాలుగు దినముల పని. మేము ఒక్క పూటలో సంతకము చేసితిమి. బీరువాలు మారినవి, సంఖ్యలు మారినవి. రిజిస్టరులో మాత్రము పాత సంఖ్యలే నిలిచినవి.

ఆ యేడే మరణించిన ఒక జవాను భార్య కుటుంబ పెన్షను కొఱకు వచ్చినది. కోలారు ప్రక్కనుండి వచ్చి స్థిరపడిన తెలుగు మనిషి. మేము రిజిస్టరు చూచి, అది చూపిన అర చూచి, "ఫైలు లేదమ్మా" అంటిమి. ఆమె ఏడు మార్లు వచ్చినది. ఏడు మార్లును మేము అదే అర చూచి అదే మాట అంటిమి. అయిదు నెలల పిమ్మట ధూళి దులుపుచున్న బంట్రోతు ప్రక్క గదిలోని బీరువానుండి ఆ కట్టను తెచ్చి మా బల్లపై పెట్టెను. ఒక్క కాగితమును చెడలేదు. పెన్షను బకాయిలతో సహా మంజూరైనది. కాని ఆ అయిదు నెలలలో ఆమె పెద్ద కూతురిని బడి మాన్పించి బొమ్మనహళ్లిలో బట్టలు కుట్టు ఫ్యాక్టరీలో చేర్చినది. బకాయిలు వచ్చినవి గాని ఆ పిల్ల చదువు తిరిగి రాలేదు. మమ్ము ఎవరును దండింపలేదు. ఆమెయు ఒక్క మాట అనలేదు. చేతులు జోడించి వెళ్లినది. నాడు మేము "రిజిస్టరు చూపిన చోట లేదు" అని యుండినచో, ఆ మాటయే మమ్ము రెండవ చోట వెదకించి యుండెడిది. "లేదు" అన్న మాట వెదకుటను ముగించివేయును.

ఆ రాత్రి మేము కోడలితో, "అమ్మా, ఇది నీ పని పోయిందనడం లేదు. ఏదో ఒకటి ఉండవలసిన చోట లేదంటున్నది. నీ కాగితాలు వేరు, కాగితాలు తెరిచే వస్తువు వేరు. ముందు కాగితాలు ఉన్నవా చూడు," అంటిమి. ఆమె తన ప్రోగ్రాముల సంచిని తెరచి చూచినది. అన్నియు చెక్కు చెదరక యున్నవి. ఆమె ముఖమునకు కొంత కళ వచ్చినది.

అటుపిమ్మట ఆమె కనుగొని మాకు వివరించినది ఇది. ఆ యంత్రమున గిట్ అను పేరుతో ముందరి గుమ్మమున ఉండునది అసలు గిట్ కాదు. ద్వారపాలకుని వంటి చిన్న ప్రోగ్రాము. పిలిచినంతనే అది లోపలి గదిలోనున్న కమాండ్ లైన్ పనిముట్ల పెట్టెను చూచి అసలు గిట్‌ను లేపవలెను. కొత్త కూర్పు వేసిన పిమ్మట ఒక్కొక్కప్పుడు ఆ పెట్టె దాని చోటనుండి పోవును, లేదా కొత్త కూర్పునకు పొసగనిదగును. ద్వారపాలకుడు మిగులును, లోన మనిషి ఉండడు. పెట్టెను మరల తెప్పించుటకు ఒక్క ఆజ్ఞ చాలును.

ఆ ఆజ్ఞను ఆమె స్నేహితురాలు ఫోనులో సందేశముగా పంపినది: 'ఎక్స్‌కోడ్-సెలెక్ట్', పిమ్మట 'ఇన్‌స్టాల్'. కోడలు దానిని అట్లే తీసి టెర్మినల్‌లో అతికించినది. 'ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్' అని జవాబు. మరల అతికించినది. అదే జవాబు. మూడవ మారును అంతే. అప్పటికి పదకొండు దాటినది. బిడ్డ లేచి ఏడ్చెను. మా యిల్లాలు ఎత్తుకొని వసారాలో తిరుగుచుండెను. కోడలు తల పట్టుకొని, "ఇంక నావల్ల కాదు మామయ్యా. రేపు వెళ్లి రాజీనామా ఇచ్చేస్తాను," అనెను.

మేము ఏమియు చేయజాలక తెరవంక చూచుచుంటిమి. ముప్పదియేండ్లు ఇతరుల వ్రాతలను అక్షరమక్షరము సరిచూచిన కన్నులవి. 'ఇన్‌స్టాల్' అను మాటకు ముందున్న గీత మాకు వింతగా తోచినది. ఫోనులో వచ్చిన సందేశమున అది ఒకటే పొడవు గీత. మా టైపు పాఠశాలలో పొడవు గీత కావలెనన్న రెండు హైఫన్లు ఒకదాని ప్రక్క నొకటి కొట్టుమనెడివారు. మిషనుపై పొడవు గీతకు వేరు మీట లేదు. "ఈ గీత ఒకటా, రెండా?" అని అడిగితిమి. కోడలు ఒక్క క్షణము చూచి నుదురు కొట్టుకొనెను. ఆజ్ఞకు కావలసినవి రెండు చిన్న గీతలు. స్నేహితురాలు రెండే కొట్టినది. ఫోను తన తెలివికొలది వానిని కలిపి అందమైన పొడవు గీతగా మార్చినది. మనుష్యులు చదువు లేఖకు అది సొంపు; యంత్రము చదువు ఆజ్ఞకు అది వేరొక అక్షరము. కోడలు అతికించుట మాని స్వయముగా '--ఇన్‌స్టాల్' అని రెండు గీతలును కొట్టి రిటర్న్ నొక్కినది. పనిముట్లను తెప్పింపవలెనా అని ఒక చిన్న కిటికీ తెరచుకొనెను. మాకు టైపు సీనియర్ పరీక్ష నెగ్గిననాడు కలిగిన సంతోషము మరల కలిగినది.

అది వందల మెగాబైట్ల సరుకు. దిగునంతలో మా యిల్లాలు కాఫీ ఇచ్చినది. పన్నెండున్నరకు గిట్ పలికినది. ఏ ఫైలులో ఏది మారెనో వరుసగా చదివి చెప్పినది.

కాని చిక్కు అంతటితో తీరలేదు. ఈ యంత్రములవారు చాలమంది హోంబ్రూ అను సరఫరాదారుని వాడుదురు; 2009లో మాక్స్ హోవెల్ ఆరంభించినది. 'బ్రూ డాక్టర్' అన్నచో అది ఒంటిలోని నలతలను చెప్పును. కోడలు దాని మాట విని అన్నిటిని కొత్త కూర్పులకు మార్చినది. ఆ మార్పులో పైథాన్ అను భాషకును కొత్తది వచ్చి పాతది తొలగినది. అంతట ఆమె ప్రోగ్రాము 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అనెను. ఇంటర్‌ప్రెటర్ అనగా దుబాసీ గదా! కన్నడదేశమున తెలుగు మాటలాడు మనకు దుబాసీల కష్టసుఖములు తెలియనివి కావు. పంక్తిని కడవరకు చదువగా, దుబాసీ చెడ్డవాడు కాడు, బదిలీ అయినాడు. ఒక్కొక్క ప్రోగ్రామునకు ఒక్కొక్క ప్రత్యేక గది కట్టి, అందులో పైథాన్ ఉన్న చోటికి ఒక సూచిక వ్రాసి పెట్టుదురట. సూచిక పాత చిరునామానే చూపుచున్నది. పాత చిరునామాలో ఎవరును లేరు. ఇది అచ్చముగా మా రికార్డు గది కథ.

అట్టి గదిని మరమ్మతు చేయుటకంటె పడగొట్టి మరల కట్టుట మేలు. దానికి కావలసినది ఒక్క జాబితా: ఏ ఏ సామగ్రి, ఏ ఏ కూర్పు అని. రెండు ప్రోగ్రాములలో ఒకదానికి ఆమె ఆ జాబితాను వ్రాసి ఉంచినది. ఆ గది పది నిమిషములలో లేచినది. రెండవదానికి వ్రాయలేదు. "తరువాత రాద్దాములే అనుకున్నాను," అనెను. మేము ఏమియు అనలేదు. ఆ మాట అనుటకు మాకు అర్హత లేదు. ఒక్కొక్క ఫైలు తెరచి, పైనున్న 'ఇంపోర్ట్' పంక్తులను మేము చదువగా ఆమె పేర్లు వ్రాసికొనినది. పదునాలుగు పేర్లు తేలినవి. ఒకదానికి కొత్త కూర్పు పనికిరాలేదు. పాత కూర్పు సంఖ్యను ఆమె పాత ఉత్తరములలో వెదకి పట్టినది. రెండున్నర దాటిన పిమ్మట ప్రోగ్రాము మొదటినుండి కడవరకు నడచినది. ఉదయము పది గంటలకు పైవారి యెదుటను నడచినది. పిమ్మట ఉద్యోగము స్థిరపడినది.

ఇది మా యింటి ముచ్చట మాత్రమే కాదు. 2019లో వచ్చిన కాటలీనా కూర్పుతో కొత్త ఖాతాలకు బ్యాష్ అను పాత షెల్‌కు బదులు జీషెల్ వచ్చినది. 32 బిట్ల పాత ప్రోగ్రాములు నడచుట ఆగినది. 2020 జనవరి 1తో పైథాన్ రెండవ కూర్పునకు ఆలనాపాలన ముగిసినది, 2022లో 12.3 కూర్పునుండి దానిని తొలగించిరి. ఇట్టివి తొలగునని 2019 నాటి విడుదల పత్రములలోనే ముందుగా తెలిపియుండిరి. చూచువారు లేని పాత పనిముట్టును ఇంట నుంచుకొనుట గొళ్లెము లేని తలుపు వంటిది గనుక తొలగించుట తప్పుకాదు. కాని ఆ పత్రములను చదువువారు ఎందరు? మా కార్యాలయమున సర్క్యులర్లను చదువకయే సంతకము చేసిన చేతితో మేము ఈ ప్రశ్న వేయరాదు.

ఆ మరునాటినుండి మా కోడలు ఒక నియమము పెట్టుకొనినది. కొత్త కూర్పు వేయుటకు ముందు చార్జి లిస్టు తయారు చేయును. హోంబ్రూ తెచ్చిన సామగ్రినంతయు 'బ్రూ బండిల్ డంప్' అను ఆజ్ఞతో ఒక ఫైలులోనికి ఎక్కించును. ప్రతి ప్రోగ్రామునకును జాబితా వ్రాయును. మొత్తము యంత్రమునకు వేరొక డిస్కుపై నకలు తీయును. ముఖ్యమైన పనికి ముందటి రాత్రి ఏ మార్పును చేయదు. ఏదైన మొరాయించినచో ముందుగా పంక్తిని కడవరకు గట్టిగా చదువును. ఆజ్ఞలను అతికింపక చేతితో కొట్టును. మన పిల్లలకు ఈ మాటలు తెలిసియే యుండును. అయినను పెద్దలు ఒకమారు గుర్తుచేసినచో నష్టము లేదు.

ఇంకొక మాటతో ముగింతుము. మా మనుమడు శిశువిహారమున చేరినదాదిగా మేము తెలుగున అడిగినదానికి కన్నడమున బదులు చెప్పుచుండెను. "వీనికి తెలుగు లేదు" అని బంధువులు అనిరి. కన్నడము మనకు అన్నము పెట్టిన భాష. వాడు దానిని నేర్చుట మాకు సంతోషమే. అయినను ఆ "లేదు" అను మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొనినది. ఒకనాటి రాత్రి మా యిల్లాలు వానిని ఒడిలో పెట్టుకొని కాకి కథ చెప్పుచు నడుమ ఆగినది. వాడు నిద్రకన్నులతో, "తరువాత కాకి ఏం చేసింది అవ్వా?" అని అచ్చతెలుగున అడిగెను. పగలు మేము వెదకిన చోట అది లేదు. అవ్వ ఒడిలో ఉన్నది.

ఆ జవాను భార్య నేడు ఎచ్చట నున్నదో మాకు తెలియదు. ఆమె కూతురికి ఇప్పుడు నలుబదేండ్లు దాటియుండును. ఆనాడు ఆమెకు చెప్పవలసి యుండిన మాటను ఇరువదితొమ్మిదేండ్లు ఆలస్యముగా ఈ సంచికలో వ్రాయుచున్నాము: అమ్మా, నీ ఫైలు ఉన్నది, మేము వెదకిన చోట లేదు, అంతే.